ఎవరివీ కాని మంచు ప్యాంట్లు

కెనడాలోని థండర్ బేలో ఒకసారి మంచు పడడం మొదలైందంటే ఏప్రిల్ దాకా నేల కనిపించదు. పెద్దవాళ్ళు పారలు పట్టుకుని విసుక్కుంటారు గానీ బడిపిల్లలకు మాత్రం అది పండగే. ఆటవిడుపు బెల్లు మోగడం ఆలస్యం, తలుపులు తోసుకుని బయటపడతారు. దొర్లుతారు, కోటలు కడతారు, ఒకళ్ళ మెడలో ఒకళ్ళు మంచు కుక్కుకుంటారు. ఆ తలుపు దగ్గర కోటు పైన నారింజరంగు చేతుల్లేని చొక్కా తొడుక్కుని నిలబడే మనిషి ఇర్యా లెహ్తోనెన్.

ఈ కథ మొదలయ్యేనాటికి ఆమెకు అరవై దాటాయి. తండ్రి అడవుల్లో చెట్లు కొట్టేవాడు, తల్లి ఆ కూలీల గుడిసెల్లో వంట చేసేది. ఇద్దరూ ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళే. ఇర్యా మాత్రం పెళ్ళికి ముందే ఊళ్ళో కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. రైల్వేవాళ్ళకీ కాగితం మిల్లువాళ్ళకీ దళసరి చలికోట్లు కుట్టి కుట్టి ఆమె వేళ్ళు కాయలు కాశాయి. ఆ ఫ్యాక్టరీ మూతబడింది. తర్వాత భర్త ఆర్వో పనిచేసే మిల్లూ మూతబడింది. ఆ తర్వాత ఆర్వో కూడా పోయాడు. ఖాళీ ఇంట్లో గడియారం చప్పుడు వింటూ కూర్చోలేక, మధ్యాహ్నం పూట పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఈ పనికి కుదిరింది. సూపు ఫ్లాస్కుల మూతలు తియ్యడం, తప్పిపోయిన చేతితొడుగులకు జత వెతకడం, ముక్కులు తుడవడం, తలుపు దగ్గర కాపలా. ఇంతే పని.

ఆ కాపలాకు ఒక నియమం ఉంది. మామూలు బట్టల మీద తొడుక్కునే దళసరి మంచు ప్యాంటు లేనివాళ్ళను బయటికి వదలకూడదు. జీన్సు తడిస్తే ఆ చలికి కాసేపట్లో అట్టలా బిగుసుకుపోతుంది, తొడలు కమిలిపోతాయి. అడవిలో పుట్టి పెరిగిన ఇర్యాకు చలి ఏం చేస్తుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాబట్టి ప్యాంటు లేనివాళ్ళను ఆఫీసు గది ముందున్న బెంచీ మీద కూర్చోబెట్టేది. మర్చిపోయి వచ్చారనే అనుకునేది.

వాళ్ళలో ఎలోడీ అని ఒక పిల్ల ఉండేది. మూడో తరగతి. గోధుమరంగు జుట్టు, రెండు జడలు, ఒకటి ఎప్పుడూ ఊడిపోతూ ఉండేది.

"ఇవాళ కూడా మర్చిపోయావా?" అంది ఇర్యా ఒక మంగళవారం.

"మర్చిపోయాను మిస్."

"నిన్న వేసుకొచ్చావుగా. రాత్రి బ్యాగు పక్కనే పెట్టుకుని పడుకో. అప్పుడు పొద్దున మర్చిపోవు."

ఎలోడీ బూటుతో నేల గీకింది. తర్వాత, చెప్పకూడనిది చెప్తున్నట్టు గొంతు తగ్గించి, "ఇవాళ తమ్ముడి వంతు మిస్" అంది.

ఇర్యా ఆ మధ్యాహ్నమంతా బెంచీ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. కుదరలేదు. ఆ వారమంతా గమనించింది. బెంచీ మీద కూర్చునే మొహాలు రోజూ ఇంచుమించు అవే. మర్చిపోయేవాళ్ళయితే రోజుకొకరు మర్చిపోతారు.

ఇర్యాకు ఒక ఆలోచన తట్టిందంటే కూర్చోనివ్వదు. చర్చిలో చెప్పింది, ఇరుగుపొరుగుకు చెప్పింది, పిల్లలకు పొట్టివైపోయిన మంచు ప్యాంట్లు ఎవరింట్లో ఉన్నా పట్టుకొచ్చింది. ఉతికి, చిరుగులు కుట్టి, ఒక పెద్ద అట్టపెట్టెలో సర్ది ఆఫీసు గది పక్కన పెట్టింది. కావలసినవాళ్ళు తీసుకోవచ్చని పైన రాయించింది. ఎలోడీని తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ పెట్టె ముందు నిలబెట్టింది. పిల్ల చాలాసేపు వెతికి ఊదారంగుది ఒకటి తీసుకుంది. దాని మోకాలి మీద వెండిరంగు నక్షత్రం ఉంది.

బయటికి పరిగెత్తింది. ఇర్యా తలుపు దగ్గర నిలబడి తృప్తిగా చూసింది.

మంచుకోట దగ్గర బ్రిన్ అనే పిల్ల ఎలోడీని చూసి ఆగింది. ఊళ్ళో పళ్ళ డాక్టరు కూతురు. "అది నాదే" అంది. అందులో ఎగతాళి ఏమీ లేదు. తెలిసిన వస్తువు కనిపిస్తే ఎవరైనా అనే మాటే అంది. "జిప్పు పాడైందని మా అమ్మ ఇచ్చేసింది. నక్షత్రం నేనే పెట్టించుకున్నా."

పక్కనున్నవాళ్ళు విన్నారు. ఎవరో నవ్వారు. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ ఎలోడీ నెమ్మదిగా లోపలికి వచ్చి, ప్యాంటు విప్పి, నలిగిపోకుండా మడిచి పెట్టెలో పెట్టి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఇర్యా ఏమడిగినా కడుపు నొప్పి అంది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పెట్టెలోవి మాత్రం అలాగే ఉన్నాయి, ఇంకెవరూ వాటి జోలికి వెళ్ళలేదు.

మూడోనాడు తల్లి వచ్చింది. పేరు మార్నీ థెరియో. ముప్ఫై ఉంటాయేమో. కోటు కింద బన్నుల షాపు ఏప్రను, తలకు షాపువాళ్ళ టోపీ.

"ఆ పెట్టె పెట్టింది మీరేనా?" అంది.

"నేనేనమ్మాయ్. కూర్చో."

"కూర్చోవడానికి టైము లేదు. బ్రేకులో సగం బస్సుకే పోయింది. మా పిల్ల మిమ్మల్ని ఏమన్నా అడిగిందా?"

"లేదు."

"నేనడిగానా?"

"లేదమ్మా."

"మరి దాన్ని లాక్కెళ్ళి ఆ పెట్టె ముందు ఎందుకు నిలబెట్టారు?"

"రోజూ లోపలే కూర్చుంటోంది. చూస్తూ ఊరుకోలేక" అంది ఇర్యా.

"చూడలేకపోతే అటు తిరిగి నిలబడాల్సింది." మార్నీ గొంతు పెంచలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "తెల్లారకముందే లేచి షాపులో బన్నులు కాలుస్తాను. సాయంత్రం ఆసుపత్రిలో నేలలు తుడుస్తాను. ఈ రెండింటి మధ్యా పిల్లలు పడుకోనిస్తే పడుకుంటాను. తాగి తొంగున్న తల్లిని కాదు నేను. అద్దె కట్టి, హీటరు బిల్లు కట్టి, మిగిలిన నెల కొంటాను ప్యాంటు. అంతేగానీ ఊళ్ళోవాళ్ళు విడిచిన గుడ్డలు అందరి ముందూ వేసుకుని తిరగమని దానికి చెప్పను."

అప్పుడే నడవ చివర ఆటల గది తలుపు తీశారు. పిల్లలు రెండు జట్లుగా బంతాట ఆడుతున్నారు, ఒక జట్టుకు పసుపుపచ్చ బనీన్లు. మార్నీ అటు చూపించింది.

"ఆ బనీన్లు ఎవరివి?"

"బడివి."

"వాళ్ళల్లో లేనింటి పిల్లలెవరో చెప్పండి చూద్దాం."

ఇర్యా చూసింది. పసుపుపచ్చ బనీన్లు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"తెలియడం లేదుగా" అని మార్నీ టోపీ సరిచేసుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం సౌనాలో, ఆవిరి స్నానం చేస్తూ, ఇర్యా ఈ సంగతంతా హెల్వీకి చెప్పింది. హెల్వీ ఆర్వో అక్క. సహకార దుకాణంలో జీవితమంతా లెక్కలు రాసి రిటైరైన మనిషి. ఎనభైకి దగ్గరపడినా నోటి పదును తగ్గలేదు.

"మొహం అలా వేలాడేశావేంటే? ఆవిరి చాల్లేదా?" అని రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

"మంచే చేద్దామనుకున్నా వదినా."

"చేశావులే. ఆ పిల్లను సంతలో నిలబెట్టావు." హెల్వీ చెమట తుడుచుకుంది. "దేశం గోధుమంతా మన రేవులోనే ఓడలెక్కుతుంది. బంగారం గనులు అటు పక్క, అడవులు ఇటు పక్క. పిల్లకాయలకి మాత్రం ప్యాంట్లుండవు. దానికి నీ అట్టపెట్టె మందా?"

ఇర్యాకు తన చిన్నప్పటి కోటు గుర్తొచ్చింది. చర్చివాళ్ళు ఇచ్చినదే. తల్లి దాన్ని అలాగే తొడగనివ్వలేదు. కుట్లన్నీ విప్పి, గుడ్డ తిరగేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా మళ్ళీ కుట్టింది. ఎందుకమ్మా ఇంత శ్రమ అంటే, ఇచ్చినవాళ్ళు కూడా గుర్తుపట్టకూడదు అంది. ఆ మాట విని కూడా తను పిల్లను నక్షత్రం ఉన్న ప్యాంటుతో బయటికి పంపింది. ఆవిరిలో ఏడిస్తే ఎవరికీ తెలియదు గనక కాస్త ఏడ్చింది.

సోమవారం ప్రిన్సిపాల్ పావ్లిక్ గదికి వెళ్ళింది. మంచి మనిషే. పిల్లల పేర్లన్నీ తెలిసినవాడు, బడి బడ్జెట్ ఎంతవరకు సాగుతుందో కూడా తెలిసినవాడు.

"పెట్టె తీసేయండి. బడిలో ప్రతి పిల్లకీ బడివే మంచు ప్యాంట్లు ఉండాలి. గుడ్డ ఇప్పించండి, నేను కుడతాను" అంది ఇర్యా.

"ప్రతి పిల్లకీనా? ఇర్యాగారూ, లేనివాళ్ళు పదీ పదిహేను మంది. వాళ్ళకి మూడో కంటికి తెలియకుండా కొత్తవి కొనిద్దాం. పళ్ళ డాక్టరు కూతురికి బడి డబ్బుతో ఎందుకు?"

"ఆ పిల్ల వేసుకుంటేనే ఈ పిల్ల వేసుకుంటుంది సార్."

"కొత్తవే కదా ఇస్తున్నాం."

"లేదని తేల్చుకుని ఇస్తున్నారుగా. తేల్చుకోవాలంటే అడగాలి. అడిగితే, మర్చిపోయానంటుంది. ఇన్నాళ్ళూ అన్నది అదే."

పావ్లిక్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పేలు, ఉతుకుడు, ఆరబెట్టడం, సైజులు అంటూ ఒక్కొక్కటే అడిగాడు. అవి సాకులు కావు, నిజంగా తేల్చవలసినవే. బాయిలరు గదిలో తీగలు కట్టి ఆరేయవచ్చని, మోకాలి దగ్గర పట్టీ రంగును బట్టి సైజు తెలుస్తుందని ఇర్యా చెప్పింది. చివరికి ఆయన తల్లిదండ్రుల కమిటీ ముందు పెడతానన్నాడు.

కమిటీలో పళ్ళ డాక్టరే ముందు లేచాడు. "నా దగ్గర డబ్బు తీసుకోండి, లేనివాళ్ళకివ్వండి. మా అమ్మాయికి మంచిది ఉంది, ఇంకోటి దండగ" అన్నాడు. చాలామందికి అది సబబుగానే తోచింది. అయినా చివరికి, ఆటల గదికి కొత్త స్కోరు బోర్డు కొనాలని దాచిన సొమ్ములోంచి అందరికీ సరిపడా గుడ్డకు మటుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అదీ కాస్తలో నెగ్గింది. కుట్టడం ఇర్యా తంటా.

ఆ చలికాలం అలాగే గడిచింది. ఎలోడీ మళ్ళీ బడికి రాసాగింది. ఒకరోజు బయట, ఒకరోజు బెంచీ మీద.

మంచు కరిగాక ఇర్యా బన్నుల షాపుకు వెళ్ళింది. ఆ ఊరివాళ్ళు పర్షియన్ అని పిలుచుకునే, గులాబీరంగు పూతపూసిన బన్ను ఒకటి తీసుకుని గల్లా దగ్గర నిలబడింది. మార్నీ గుర్తుపట్టి మొహం గట్టిగా పెట్టుకుంది.

"నువ్వు చెప్పిందే కుడుతున్నాను" అంది ఇర్యా. "అందరికీ, ఒకటే రంగు. ఆదివారాలు మా చర్చి కింది హాల్లో. వచ్చి చూసి, మళ్ళీ తప్పు చేస్తుంటే చెప్పు."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"కత్తెర?"

"రోజంతా పిండి కోస్తూనే ఉంటాగా."

"అయితే వచ్చినట్టే. పిల్లల్నీ తీసుకురా, హెల్వీ వదిన రొట్టె చేస్తుంది."

ఎందుకొచ్చిందో మార్నీకే తెలియదు. వచ్చింది. ఫ్యాక్టరీలో ఇర్యాతో కలిసి పనిచేసిన ముసలివాళ్ళు నలుగురైదుగురు అప్పటికే మిషన్లు తెచ్చుకుని కూర్చున్నారు. ముదురు నీలం గుడ్డ, నీరు పట్టనిది. మార్నీ కోసేది, వాళ్ళు కుట్టేవాళ్ళు. ఎలోడీ, తమ్ముడు బల్లల కింద గుడ్డపీలికలతో ఇళ్ళు కట్టేవాళ్ళు. ఇర్యా ఒక్కతే పని మధ్యలో లేచి కుట్లు లాగి చూసి, వదులుగా ఉంటే విప్పించేది.

"ఫ్యాక్టరీ పోయింది గానీ మేస్త్రీ పోలేదు" అని వాళ్ళు గొణుక్కునేవాళ్ళు.

ఒక ఆదివారం ఏలకుల రొట్టె కోస్తూ హెల్వీ మార్నీని అడిగింది: "పిల్లలకని ప్రభుత్వం ఇచ్చే డబ్బు నెలనెలా వస్తోందిగా, అయినా నీకు రెండు పనులెందుకే?"

మార్నీ కత్తెర ఆపలేదు. "నాకు రాదు."

"ఎందుకు రాదు? డబ్బు మూలుగుతున్నవాళ్ళకి తప్ప, పిల్లలున్నవాళ్ళందరికీ ఏదో కొంత వస్తుంది."

మెల్లగా బయటపడింది. మొగుడు నూనె బావుల పనికని ఆల్బర్టా పోయి తిరిగి రాలేదు. పన్ను కాగితాలన్నీ అతనే చూసుకునేవాడు. అతను పోయాక ఆమె ఏదీ దాఖలు చెయ్యలేదు. చేస్తే అతని బాకీలు తన మెడకు చుట్టుకుంటాయని భయం. పన్ను కాగితం వెయ్యకపోతే పిల్లల డబ్బూ రాదు.

"అతని బాకీ అతనిదే, నీ కాగితం నీదే" అంది హెల్వీ. "ప్రభుత్వం నీ పిల్లల డబ్బు మీద కూర్చుని ఉంటే, నువ్వు తెల్లారకుండా లేచి బన్నులు కాలుస్తున్నావా? రేపు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ సంచిలో వేసుకుని మా ఇంటికి రా. చిందరవందరగా ఉన్నా సరే. నేను అలాంటివి చూసే బతికాను."

మార్నీ వెళ్ళింది. కాఫీ తాగుతూ ఒక పూటలో హెల్వీ అంతా పూర్తి చేసింది. ఆకులు రాలే వేళకు డబ్బు రావడం మొదలైంది, వెనకటిది కూడా కలిపి. ఎంతొచ్చిందో ఇర్యా అడగలేదు. మార్నీ తెల్లవారుజాము పని మానేసిందని మాత్రం తెలిసింది. పొద్దున్నే పిల్లలకు తనే గంజి పెట్టి, తనే జడలు వేసి పంపుతోందట.

ఆ డబ్బుతో మార్నీ మొట్టమొదట కొన్నది రెండు కొత్త మంచు ప్యాంట్లు. అది విని హెల్వీ పడీపడీ నవ్వింది. "వేసవంతా నువ్వు కుట్టినవి ఇక ఎవరు వేసుకుంటారే, మరదలా?"

ఇర్యా కూడా నవ్వింది గానీ మనసులో ఎక్కడో చివుక్కుమంది. తను నెలల తరబడి వంగి కుట్టింది. హెల్వీ ఒక్క పూట కుర్చీలో కూర్చుని ఆ ఇంటి పొద్దునలే మార్చేసింది. ఈ మాట ఇర్యాయే తర్వాత అందరికీ చెప్పేది, దాచుకోకుండా.

నవంబరులో బాయిలరు గది పక్కన గోడ పొడవునా కొక్కేలు కొట్టి నీలం ప్యాంట్లు తగిలించారు. మొదటి వారం సగం మంది కూడా వాటిని ముట్టుకోలేదు. ఇళ్ళ నుంచి తెచ్చుకున్నవే వేసుకున్నారు. ఎలోడీ కూడా తన కొత్తదే వేసుకుంది. బెంచీ పిల్లలు మాత్రం కొక్కేల వైపు చూసి, మిగతావాళ్ళ వైపు చూసి, ఊరుకున్నారు.

దారి చూపింది తడి. ఇంటి నుంచి తెచ్చుకున్నవి తడిస్తే బ్యాగులో కుక్కుకుని, కారు సీట్లు తడిపి, ఇంట్లో ఆరేసి, పొద్దున మళ్ళీ మొయ్యాలి. బడివైతే బాయిలరు వేడికి తెల్లారేసరికి కరకరలాడుతూ ఉంటాయి. రెండో వారం బ్రిన్ ఖాళీ చేతులతో వచ్చింది. "మా అమ్మ ఇక మొయ్యనంది మిస్" అని ఆకుపచ్చ పట్టీ ఉన్నది ఒకటి లాగి తొడుక్కుంది. దాని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. క్రిస్మస్ సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం ఇర్యా తలుపు దగ్గర నిలబడి చూస్తే ఆవరణంతా నీలం కాళ్ళే. ఎలోడీ ఎక్కడుందో చాలాసేపు పోల్చుకోలేకపోయింది. ఆ తర్వాత అది ఆమెకు రోజూ ఉండే ఇబ్బందే అయింది. ఒకళ్ళనుకుని ఇంకొకళ్ళని కేకలేసేది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. జనవరిలో ఒక కుర్రాడి కుటుంబాన్ని అద్దె ఇంట్లోంచి ఖాళీ చేయించారు. రోడ్డు పక్క మోటెల్ గదిలో కొన్నాళ్ళుండి, అక్కణ్ణుంచి ఇంకో ఊరు పోయారు. వాడి ప్యాంటు కొక్కేనికి వేలాడుతూ ఉంటే ఇర్యా దాన్ని ఇంకో పిల్లాడికి తొడిగింది. "గుడ్డతో ఆగేవి కొన్నే" అంది పావ్లిక్‌తో. ఆయన తలూపాడు.

పత్రిక వాళ్ళు వచ్చి ఫోటో తీసుకున్నారు. మంచి మనసున్న బామ్మ అని రాశారు. ఇర్యాకు ఒళ్ళు మండింది. "పన్ను కాగితం గురించి, నెలనెలా వచ్చే డబ్బు గురించి గంటసేపు చెప్పాను. అది వెయ్యలేదు. రొట్టె ఎలా చేస్తామో వేశారు." హెల్వీకి కోపం ఇంకో దారిలో పనిచేసింది. ఆ మార్చిలో బడి హాల్లో బల్ల వేసుకుని కూర్చుంది. పన్ను కాగితాలు ఊరికే నింపిస్తాం, కాఫీ ఉంటుంది, ఎవరైనా రావచ్చు అని అందరి ఇళ్ళకూ చెప్పించింది. లేనివాళ్ళు రావాలని ఎక్కడా అనలేదు. పళ్ళ డాక్టరు కూడా వచ్చాడు. కాఫీ తాగి, హెల్వీతో పన్నుల గురించి వాదించి ఓడిపోయి వెళ్ళాడు. ఆయన పక్క కుర్చీలో కూర్చున్న ఇద్దరు తల్లులకు అప్పటిదాకా పిల్లల డబ్బు అందడం లేదని ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇంకో రెండు బళ్ళు అడిగి నమూనా పట్టుకెళ్ళాయి. ఒకటి కుట్టించుకుంది. ఇంకొకటి చివరికి అట్టపెట్టె పెట్టి ఊరుకుందని విన్నారు.

మోకాళ్ళు సహకరించక ఇర్యా తలుపు దగ్గర పని మానేసి కొన్నేళ్ళయింది. హెల్వీ పోయింది. మార్చి నెల బల్ల ఇప్పుడు మార్నీ చూస్తోంది. ఆసుపత్రిలో చీపురు వదిలి, రోగుల పేర్లు రాసుకునే కౌంటరుకు మారింది. ఆదివారాలు ఇర్యాను ఇంటికి పిలిచి బఠానీ సూపు, చక్కెర నింపి కాల్చిన తీపి రొట్టె పెడుతుంది.

మొన్నొక ఆదివారం ఇర్యా సూపు తాగుతూ ఉండగా ఎలోడీ మేడ మీద నుంచి దిగింది. తల్లి కంటే పొడుగైంది. మంచుగడ్డ మీద బరువైన రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ జట్టులో చేరింది, ఆ ఆటకు వేరే బూట్లు కావాలట. చేరిన దగ్గర్నుంచీ అదే పాట.

"అమ్మా, అందరికీ ఉన్నాయి."

"ఉంటే ఉండనీ. పోయిన నెలే కదా బూట్లు కొన్నాను."

"అవి వేరే. ఇర్యా బామ్మా, నువ్వు చెప్పు."

"నన్ను లాగకే" అంది ఇర్యా.

"పుట్టినరోజుకి కొంటా. అప్పటిదాకా ఊరుకో" అంది మార్నీ, గిన్నె కడుగుతూ, వెనక్కి కూడా తిరగకుండా.

ఎలోడీ కాళ్ళు నేలకేసి కొడుతూ మేడెక్కింది. తలుపు దడాలున మూసింది.

"చూశారా దీని పొగరు? ఒక్క వస్తువు కనిపిస్తే చాలు, ప్రాణం తోడేస్తుంది" అంది మార్నీ.

తమ్ముడి వంతని గొంతు తగ్గించి చెప్పిన పిల్లేనా ఇది అనుకుంటూ, "చూశాను" అంది ఇర్యా. ఇంకొంచెం సూపు పొయ్యమని గిన్నె ముందుకు జరిపింది.